నిలబడి వేసే ఆసనాల్లో తూలడం, మోకాలి నొప్పి: ముందు పాదాల కింద చూడండి

జూన్ 21 దాటాక వారం పది రోజులు మా తిరుపతి క్లాసులో కొత్త ముఖాలు ఎక్కువగా కనిపిస్తాయి. యోగా దినోత్సవం నాడు అందరితో కలిసి వృక్షాసనం (ఒంటికాలి మీద నిలబడేది), పాదహస్తాసనం (ముందుకు వంగి పాదాలు అందుకునేది), త్రికోణాసనం (కాళ్ళు ఎడంగా పెట్టి పక్కకు వంగేది) వేసి ఉంటారు. ఆ ఉత్సాహంతో ఇంట్లో కొనసాగిస్తారు, ఏదో ఒక నొప్పితో మా దగ్గరికొస్తారు. ఒకరు మోకాలు చూపిస్తారు, ఇంకొకరు నడుము చూపిస్తారు. ఎక్కడ నిలబడి వేస్తున్నారో మాత్రం అడిగితే తప్ప చెప్పరు. నేను మొదట అడిగేది అదే.

వృక్షాసనంలో ఎప్పుడూ ఒకవైపే తూలుతుంటే

మన ఊళ్ళో ఎండ ముదరకముందే మిద్దెక్కి ఆసనాలు వేసేవాళ్ళు చాలామంది. వాన నీళ్ళు గొట్టం వైపు పోవాలని మిద్దెకు వాటం పెట్టి కడతారు. ఆ వాటం కంటికి కనపడదు గానీ చీలమండకు తెలుస్తుంది. ఒక చెంబుడు నీళ్ళు పోసి చూడండి, నీళ్ళు ఎటు పారితే మీరూ అటే తూలుతుంటారు. వాటం పక్కకు కాకుండా ఎదురుగా ఉండేలా తిరిగి నిలబడితే కొంత నయం, కింద హాల్లో వేస్తే ఇంకా మంచిది. నున్నటి గ్రానైట్ మీద పలుచటి మ్యాట్ జారుతుంది. సాక్సులు వేసుకుని అసలే వద్దు.

నేల సరిగ్గానే ఉంటే రెండో ప్రశ్న: మొన్న కొండకు నడిచి వెళ్ళారా? అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. ముఖ్యంగా నడిచి దిగినవాళ్ళకు తొడ కండరాలు మర్నాటి కంటే ఆ తర్వాతి రోజు ఎక్కువగా పట్టేస్తాయి. ఆ రెండు మూడు రోజులు ఉత్కటాసనం (కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచేది), వీరభద్రాసనం (కాళ్ళు ఎడంగా పెట్టి, ముందు పాదం పక్కకు తిప్పి ఆ మోకాలు వంచేది) వదిలేయండి. గోడ పక్కన తాడాసనం, అంటే నిటారుగా నిలబడడం, చాలు.

వృక్షాసనంలో ఎత్తిన పాదాన్ని మోకాలి మీద ఆనించకండి. తొడ దాకా రాకపోతే పిక్క మీద పెట్టండి. పెద్దవాళ్ళు, బరువు ఎక్కువున్నవాళ్ళు మడమను రెండో కాలి చీలమండకు ఆనించి వేళ్ళు నేల మీదే ఉంచవచ్చు, ఒక చెయ్యి కిటికీ గ్రిల్ మీద వేయవచ్చు. అదీ వృక్షాసనమే. ఇటుకలు, బెల్టులు, కుర్చీలతో ఆసనాలు నేర్పిన యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ గారి పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఆసరా పట్టుకోవడానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

వీరభద్రాసనంలో, త్రికోణాసనంలో మోకాలి లోపలివైపు నొప్పి

ముందు తల వంచి చూసుకోండి. మోకాలిచిప్ప పాదం రెండో వేలి వైపే చూస్తోందా, లేక బొటనవేలు దాటి లోపలికి వాలిందా? వాలితే కాళ్ళ మధ్య దూరం ఒక అడుగు తగ్గించండి. చాలామందికి ఇక్కడితో సరిపోతుంది.

దూరం తగ్గించినా నొప్పి పోకపోతే కారణం మోకాలిలో కాదు, తుంటిలో వెతకాలి. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది, దానివల్ల ఒకామె మూడు వారాలు బాధపడింది. చీరల షాపులో రోజంతా నిలబడి పనిచేసే మనిషి. "మేడమ్, కట్టు కడితే తగ్గతా ఉంది, ఆసనం వేస్తే మళ్ళీ వస్తా ఉంది" అనేది. నేను ఆమె మోకాలినే పట్టుకున్నాను. "బయటికి నెట్టమ్మా, ఇంకా నెట్టు" అని రోజూ చెప్పాను. ఆమె నెట్టేది, నొప్పి పెరిగేది. అదే సమయంలో, వెనక గోడ ఉన్నట్టు ఊహించుకుని రెండు తుంట్లూ ఆ గోడకు అతికినట్టు ఉంచమనీ చెప్పేదాన్ని. నాకు నేర్పినవాళ్ళు అలాగే నేర్పారు.

ఆ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డం. తొడ ఎముక తల తుంటి గుంటలో కూర్చుని ఉంటుంది. ఆ గుంట ఎంత లోతు, ఎటు తిరిగి ఉంది అన్నది మనిషికీ మనిషికీ తేడా. సాధనతో కండరం సాగుతుంది గానీ ఎముక ఆకారం మారదు. తుంటి బయటికి తిరగగలిగినంత తిరిగి ఆగిపోయాక కూడా మనం కటిని కదలనివ్వకుండా బిగించి, పాదాన్ని మాత్రం 90 డిగ్రీలు తిప్పి మోకాలు వంచితే, మిగిలిన మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. మోకాలు ముఖ్యంగా తలుపు బందులాంటి కీలు. ముడుచుకోవడం, చాచుకోవడం దాని పని, మెలికను ఎక్కువ తట్టుకోలేదు.

ఒకరోజు ఆమె అలసిపోయి కుర్చీ పట్టుకుని, వెనక తుంటిని కొంచెం ముందుకు వదిలేసింది. వాలిన మోకాలు నేను చెప్పకుండానే రెండో వేలి మీదికి వచ్చి నిలబడింది. నేను మూడు వారాలు నెట్టించి చేయలేనిది అది.

మీ తుంటి ఎంతవరకు తిరుగుతుందో తెలుసుకోవడానికి గోడకు వీపు ఆనించి, మడమలు కలిపి నిలబడండి. బలవంతం లేకుండా కాళ్ళు బయటికి తిప్పండి. వేళ్ళను చూడొద్దు, మోకాలిచిప్పలు ఎక్కడ ఆగాయో చూడండి. వేళ్ళు వాటిని దాటి ఇంకా బయటికి పోయుంటే, ఆ అదనపు తిప్పుడు మీ తుంటిది కాదు.

ఇక సరిచేసుకోవడం. వెనక పాదాన్ని ఇంకొంచెం లోపలికి తిప్పండి. వెనక తుంటిని ముందుకు రానివ్వండి, బొడ్డు కాస్త ముందు కాలి వైపు తిరిగినా ఫర్వాలేదు. ముందు మోకాలిని రెండో వేలి మీదికి తెచ్చాకే వంచండి, ఆ వరుస తప్పే చోట ఆపండి. అద్దంలో ఫోటోలోలాగా కనపడదు. నొప్పి తగ్గుతోందా లేదా అన్నదే చూడండి. త్రికోణాసనంలో చెయ్యి నేలకు అందాలని చూడకండి, పిక్క మీదో కుర్చీ మీదో ఆనించండి. గర్భిణులు డాక్టర్‌ను అడిగి, గోడ పక్కనే, తక్కువ దూరంతో, ఎక్కువసేపు ఆగకుండా వేయాలి.

ఒక్క సంగతి. కాలు చాచిన ఆసనాల్లో మోకాలు వెనక్కి విల్లులా వంగేవాళ్ళకు నొప్పి మోకాలి వెనక వస్తుంది. మోకాలిని పూర్తిగా బిగించకుండా వెంట్రుకవాసి వంచి ఉంచితే చాలు.

పాదహస్తాసనంలో నడుము పట్టడం

మోకాళ్ళు వంచండి. పొట్ట అడ్డమైతే పాదాల మధ్య చోటు ఇవ్వండి. వంటగది గట్టు మీద చేతులు పెట్టి, వీపు చదునుగా ఉంచి సగం వంగితే చాలామందికి సరిపోతుంది. ఎముకలు గుల్లబారాయని డాక్టర్ చెప్పినవాళ్ళు వీపు గుండ్రంగా చేసి వంగకూడదు. కళ్ళలో గ్లకోమా ఉంటే తల కిందికి వాల్చడం మానేయండి.

లేచేటప్పుడు కళ్ళు తిరిగితే, శనివారం ఒక్కపొద్దు ఉన్నారేమో ముందు గుర్తుచేసుకోండి. బీపీ మాత్రలు వాడేవాళ్ళు మధ్యలో తొడల మీద చేతులు పెట్టి ఆగి, తల చివర ఎత్తాలి.  మోకాలు వాచినా, మధ్యలో బిగుసుకుపోయినా, కాలు తిమ్మిరెక్కినా ఆసనం ఆపి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.