ప్లస్ టూలో సైకాలజీ ఎలా చదవాలి?

సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల్లో సైకాలజీ తీసుకున్నవాళ్లలో చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. పుస్తకం తెరిస్తే కోపం, భయం, మరపు, అలవాట్లు... అన్నీ తెలిసిన సంగతులే. అందుకని కథల పుస్తకంలా చదివేసి, పరీక్షలో సొంత అభిప్రాయం రాసి వస్తారు. మార్కులు పోయేది అక్కడే.

ముందుగా చదివే పద్ధతి మార్చండి. పాఠం ఒకసారి చదివాక పుస్తకం మూసేసి, తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. ఇది ఈ సబ్జెక్టు చెప్పే సంగతే. 2006లో రోడిగర్, కార్పికి అనే పరిశోధకులు కొందరు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు, మరికొందరిని చదివాక గుర్తు తెచ్చుకుని రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చూస్తే రాసినవాళ్లది పైచేయి. రాత్రి 'వచ్చేసింది' అనిపించిన పాఠం పరీక్ష నాటికి ఎందుకు ఎగిరిపోతుందో ఇప్పుడు అర్థమైందా?

రెండో పని, ప్రతి పదానికీ మీ ఇంట్లోంచి ఒక ఉదాహరణ వెతుక్కోవడం. అందరూ తడబడే నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్‌నే తీసుకోండి. నెగెటివ్ అనగానే శిక్ష అనుకుంటారు. ఇక్కడ నెగెటివ్ అంటే తీసివేత. 'చదువుకోరా' అని అమ్మ గంట నుంచి పోరు పెడుతోంది. మీరు పుస్తకం పట్టుకోగానే పోరు ఆగింది. రేపు పోరు మొదలవగానే పుస్తకం పట్టుకుంటారు. అదీ నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. చదివే టైంలో ఆటలాడారని ఫోన్ లాగేసుకుంటే, దాంతో ఆట తగ్గితే, అది పనిష్‌మెంట్. ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు, ఆ పని పెరిగిందా, తగ్గిందా? పెరిగితే రీఇన్‌ఫోర్స్‌మెంట్, తగ్గితే పనిష్‌మెంట్. (పోరు పెడితే వీడు చదువుతున్నాడు కదా అని అమ్మకీ పోరు అలవాటవుతుంది. అదీ రీఇన్‌ఫోర్స్‌మెంటే. ఈ మాట ఇంట్లో మాత్రం అనకండి.)

సిద్ధాంతకర్తల పేర్లు బట్టీ పట్టకండి, ఒకే మనిషి గురించి వాళ్లతో వాదన పెట్టించండి. బడికి పెద్దగా వెళ్లకపోయినా ఖాతా లెక్కలు నోటితో కట్టి, ఎవరికి అప్పివ్వాలో ఇట్టే పసిగట్టే కిరాణా కొట్టు తాతగారు ఉన్నారనుకోండి. తెలివి పనులన్నిటి వెనుకా 'జి' అనే ఒక సాధారణ సామర్థ్యం ఉందన్న స్పియర్‌మన్ ఏమంటాడు? లెక్కల తెలివి, మనుషుల్ని అర్థం చేసుకునే తెలివి వేర్వేరన్న గార్డ్‌నర్? ప్రాక్టికల్ తెలివిని విడిగా చెప్పిన స్టెర్న్‌బర్గ్? మూడు జవాబులు రాస్తే తెలివితేటల పాఠంలో సగం వచ్చినట్టే.

మరపు పాఠంలో వచ్చే ప్రోయాక్టివ్, రెట్రోయాక్టివ్ ఇంటర్‌ఫియరెన్స్ లాంటి జంటల్ని పక్కపక్కన రాసుకోండి. పాత జ్ఞాపకం కొత్తదానికి అడ్డొస్తే మొదటిది, కొత్తది పాతదాన్ని చెరిపితే రెండోది. చదివింది గుర్తుండాలంటే నిద్ర కూడా మానొద్దు.

మానసిక రుగ్మతల పాఠం చదువుతుంటే ప్రతి లక్షణమూ మనకే ఉందేమో అనిపిస్తుంది, అది మామూలే. నిజంగానే ఇబ్బందిగా ఉంటే మాత్రం మీరే నిర్ణయించేసుకోకుండా స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి.

జవాబు రాసేటప్పుడు పదం, దాని నిర్వచనం, ప్రశ్నలోని సంఘటనలో అది ఎక్కడుందో, ఈ వరుస పాటించండి. 'అతనికి టెన్షన్ ఎక్కువ' అని రాసి వదిలేస్తే మార్కులు రాలవు.

ఇక ప్రాక్టికల్స్‌. థియరీకి 70 మార్కులైతే వీటికి 30. చివరి వారానికి వదిలేసేవాళ్లే ఎక్కువ. ఎవరికైనా సైకాలజీ టెస్ట్ పెట్టిన రోజే దాని రిపోర్టు రాయండి. సూచనలు మాన్యువల్‌లో ఉన్నట్టే చదవండి, టెస్ట్ రాసేది మీ స్నేహితుడే కదా అని హింట్లు ఇవ్వొద్దు. ఫైల్లో అతని పూర్తి పేరు రాయకండి, స్కోరు క్లాసులో చెప్పకండి.