‘సెటిలయ్యావా?’: జీవితం మీద బోర్డు గేమ్ తయారు చేయడం ఎలా?

వైకుంఠపాళిలో మనం ఎంచుకునేదేమీ ఉండదు. పందెం ఎంత పడితే అంత. నిచ్చెన దొరికితే పైకి, పెద్దపాము నోట్లో పడితే కిందికి. పాపపుణ్యాల సంగతి చెప్పడానికి అది చాలు. ఇంజినీరింగ్ అయిపోయిన పిల్లలు ఉద్యోగమా, ఎమ్మెస్సా, గ్రూప్స్ కోచింగా అని నలిగిపోవడాన్ని ఆటగా మలచాలంటే మాత్రం పందేనికి వదిలేస్తే కుదరదు.

1860లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ జీవితం మీద బోర్డు ఆట తెచ్చాడు. పాచికలంటే జూదమనుకునే రోజులు కాబట్టి అంకెలు వేసిన బొంగరం పెట్టాడు. 1960లో వచ్చిన కొత్త రూపంలో చివరికి డబ్బు ఎక్కువున్నవాడిదే గెలుపు. మన ఆటలో తేల్చాల్సింది కూడా అదే: ఎవరు గెలిచారో ఎవరు చెప్పాలి?

1. ప్రశ్న ఒక్కటే పెట్టుకోండి. ‘నాకు కావలసింది చేస్తున్నానా, నలుగురూ మెచ్చేది చేస్తున్నానా?’ కులం, భాష, ప్రేమ, వలస అన్నీ ఒకే అట్ట మీద కుక్కితే ఏదీ తేలదు.

2. సామాను. పాత క్యాలెండర్ అట్ట వెనక 18 నుంచి 30 దాకా వయసులు రాసి 13 గళ్లు గీయండి. ఒక్కో గడి ఒక్కో ఏడాది. ప్రతి ఒక్కరి ముందు చదువు, సంపాదన, ఇల్లు, ఇష్టం అని నాలుగు గిన్నెలు. కొన్ని గవ్వలు. నలుగురు ఆడితే చింతపిక్కలు వందకు పైనే కావాలి.

3. ఏడాదికి రెండు పిక్కలే ఇవ్వండి. గిన్నెలేమో నాలుగాయె. టెన్షన్ అంతా ఈ కొరతలోంచే పుడుతుంది. కార్డు మీద ఎంత బరువైన వాక్యం రాసినా అది రాదు.

4. చీటీ. తనకు అన్నిటికన్నా ముఖ్యమైన గిన్నె పేరు ఎవరికి వారు రహస్యంగా రాసి మడిచి పెట్టుకోవాలి. 24వ గడిలో మనసు మార్చుకోవచ్చు, కానీ పాత గిన్నెలోని పిక్కల్లో సగం వదులుకోవాలి. మార్చుకోనివాళ్లు కూడా అక్కడ కాసేపు చీటీ విప్పి చూసుకుంటారు, అది చాలు.

5. చుట్టాల కార్డులు. ఇవి లేకపోతే అందరూ తమ గిన్నెలోనే పోసుకుంటూ పోతారు, ఆట చప్పబడుతుంది. ‘చెల్లి ఫీజు: సంపాదనలోంచి రెండు పిక్కలు తియ్యి, లేదా ఈ ఏడాది నీకు పిక్కల్లేవు’. ‘పెళ్లిలో పెదనాన్న: ఇప్పుడేం చేస్తున్నావురా? నలుగురూ వినేలా జవాబు చెప్పు, లేదా ఒక పిక్క ఇచ్చెయ్’. ఇలాంటివి ఓ ఇరవై రాయండి. మీ ఇంట్లో విన్న మాటలే వాడండి, కల్పించినవి వెంటనే తెలిసిపోతాయి.

6. గవ్వలు. 20, 23, 26, 29 గళ్లలో ప్రతి ఒక్కరూ ‘బాగా సెటిలయ్యారు’ అనిపించినవాళ్లకు ఒక గవ్వ ఇవ్వాలి. తనకు తాను ఇచ్చుకోకూడదు. ఎక్కువ గవ్వలున్నవాళ్లకు మరుసటి ఏడాది ఒక పిక్క అదనం. మెప్పుకి ప్రతిఫలం ఉంటేనే దాని కోసం కక్కుర్తి పడతారు.

7. లెక్క. 30లో చీటీలు విప్పండి. చీటీలో రాసిన గిన్నెలో ఎక్కువ పిక్కలున్నవారు ఒక విజేత, గవ్వలు ఎక్కువున్నవారు ఇంకో విజేత. రెండు లెక్కలూ కలపొద్దు.

ఆడించి చూసేటప్పుడు మీరు నోరు మెదపకండి. పిక్క పట్టుకున్న చేయి రెండు గిన్నెల మధ్య ఆగిందంటే నియమం పనిచేస్తున్నట్టే. ఆలోచించకుండా టకటకా వేసేస్తుంటే కార్డుల ఖరీదు పెంచండి.

ఇంకొకటి. బ్రాడ్లీ బోర్డు మీద ఆత్మహత్యకు కూడా ఒక గడి ఉండేది. అలాంటిది పెట్టొద్దు. ఆడేవాళ్లలో పెళ్లి సంబంధాలు తప్పిపోయినవాళ్లో, ఉద్యోగం పోయినవాళ్లో ఉండొచ్చు. ఏ కార్డునైనా కారణం చెప్పకుండా పక్కన పెట్టేయవచ్చని మొదటి నియమంగా రాసి, ఆట మొదలయ్యే ముందు పైకి చదవండి.