క్లాగ్‌లాగ్ రన్ చేసే ముందు చూసుకోవాల్సినవి

గుంటూరు, విజయవాడల్లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ప్రాజెక్టులు ఇచ్చే రోజులు దగ్గరపడ్డాయి. ఫలితం 'అవును/కాదు' అయినప్పుడు దాని సంభావ్యతను గుణకాలతో కలిపే సూత్రమే లింక్. మామూలుగా వాడే లాజిట్ వదిలి కాంప్లిమెంటరీ లాగ్-లాగ్ (క్లాగ్‌లాగ్) లింక్ పట్టుకున్నవాళ్ల కోసం ఇది.

– ఫలితంలో 1 దేనికి, 0 దేనికి? అన్నిటికన్నా ముందు ఇది చూడండి. లాజిట్‌లో రెండూ తారుమారైతే గుణకాల గుర్తులే మారతాయి, ఫిట్ మారదు. క్లాగ్‌లాగ్‌లో మోడలే వేరైపోతుంది. దీని సంభావ్యత వక్రరేఖ 0 నుంచి మెల్లగా లేచి 1 దగ్గరికి గబగబా చేరుతుంది, అటూఇటూ ఒకేలా ఉండదు. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఫలితాన్ని ఫ్యాక్టర్‌గా (వర్గాల పేర్లతో) ఇస్తే మొదటి లెవెల్‌ని 0గా తీసుకుంటుంది. నేనొకసారి అది చూసుకోక రెండు రోజులు పోగొట్టుకున్నాను.

– శాంపిల్ బరువులు ఒకటేనా? ఒక మిర్చి టిక్కీ (బస్తా) నుంచి 100 గ్రాములు, ఇంకోదాన్నుంచి 250 గ్రాములు తీసి 'ఒక్క బూజు కాయైనా ఉందా' అని రాసుకుంటే, బరువు లాగ్‌ని ఆఫ్‌సెట్‌గా (గుణకం 1గానే ఉంచే పదంగా) పెట్టాలి. బూజు కాయల సంఖ్య పాయిసాన్ విభాజనాన్ని పాటిస్తే, కనీసం ఒకటి దొరికే సంభావ్యతకు సరిగ్గా అతికే లింక్ ఇదే. 1922లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ సూక్ష్మజీవుల సాంద్రత లెక్కకు వాడిందీ ఈ రూపాన్నే.

– గుణకాన్ని ఎక్స్‌పోనెన్షియల్ చేసి, లాజిట్‌లోలా ఆడ్స్ రేషియో అని రాయకండి. అది హజార్డ్ రేషియో (ఘటన జరిగే రేట్ల నిష్పత్తి). వైవాలో మొదట పట్టుకునేది దీన్నే.

– లీనియర్ ప్రెడిక్టర్ (గుణకాలతో లెక్కేసిన మొత్తం) 0 అయితే సంభావ్యత 0.5 కాదు, 0.632.

– లాజిట్‌తో పోల్చడానికి ఏఐసీ (మోడళ్లను పోల్చే స్కోరు, తక్కువైతే మేలు) చూడండి. సంభావ్యతలన్నీ 0 దగ్గరే ఉంటే రెండూ దాదాపు ఒకటే, టెన్షన్ వద్దు.