ఫార్మా ల్యాబ్‌లో పరిశోధన (ఆర్ అండ్ డి) వదిలి ఎక్కువ జీతానికి ప్లాంట్‌కి వెళ్ళాలా? లెక్క ఇలా వేసుకోండి

ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి హైదరాబాద్‌లో ఏదో ఒక ఫార్మా ల్యాబ్‌లో చేరిన పిల్లలకి మూడు నాలుగేళ్ళు తిరిగేసరికి ఒక ఫోన్ వస్తుంది. జడ్చర్ల వైపో, పాశమైలారంలోనో ప్లాంట్. ప్రొడక్షన్‌లో ఉద్యోగం, జీతం బాగా ఎక్కువ. "మేడమ్, వెళ్ళమంటారా?" అని నన్ను అడుగుతుంటారు. ప్రాసెస్ డెవలప్‌మెంట్‌లోనే (ల్యాబ్‌లో చేసినదాన్ని ప్లాంట్‌లో పెద్ద ఎత్తున చేసే పద్ధతి తయారుచేసే పని) ఇన్నేళ్ళూ ఉన్నదాన్ని కాబట్టి వాళ్ళకి చెప్పేదే ఇక్కడా చెప్తాను.

మొదట సీటీసీ (మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) సంగతి మర్చిపోయి, నెలకి చేతికి ఎంతొస్తుందో తేల్చుకోండి. సీటీసీ ఇప్పుడు ఏడాదికి 4,80,000, ఆఫర్ 6,60,000 అనుకుందాం. కాగితం మీద నెలకి 15,000 ఎక్కువ. ఆఫర్‌లో 60,000 వేరియబుల్ (పనితీరుని బట్టి ఇచ్చే భాగం) ఉంటే దాన్ని తీసేయండి, చేతికి వచ్చేదాకా అది మనది కాదు. రెండు చోట్లా పీఎఫ్‌ని 15,000 జీతం పరిమితి మీదే కడితే కంపెనీ వాటా నెలకి 1,800, మీ వాటా ఇంకో 1,800. గ్రాట్యుటీ (ఐదేళ్ళు నిండాక మానేసినప్పుడు ఇచ్చే డబ్బు) పేరుతో బేసిక్‌లో 4.81 శాతం కూడా సీటీసీలోనే కలిపి చూపిస్తారు. తెలంగాణలో వృత్తి పన్ను నెలకి 200. ఈ జీతాలకి కొత్త విధానంలో ఆదాయపు పన్ను పడదు. బేసిక్ సీటీసీలో సగం అనుకుంటే ఇప్పుడు చేతికొచ్చేది 35,200 పైచిలుకు, అక్కడ వచ్చేది 44,800 పైచిలుకు. అంటే అసలు తేడా 9,600. మీరు బాచుపల్లిలో అమ్మానాన్నలతో ఉంటూ జడ్చర్లలో రూము తీసుకోవాల్సి వస్తే అద్దె, మెస్ ఖర్చు అందులోంచే పోవాలి.

ఆ మిగిలిన డబ్బుకి మీ ఇంట్లో ఎంత అవసరం ఉందో నిజాయితీగా చూసుకోండి. నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి మూడు లక్షలు తెచ్చి ఉంటే నెలకి ఆరు వేలు వడ్డీకే పోతుంది. అలాంటప్పుడు నేను వెళ్ళమనే చెప్తాను. ఇంట్లో అప్పు పెరుగుతుంటే ల్యాబ్‌లో ఎవరికీ మనసు నిలవదు. కాకపోతే ఆ అప్పు ఏ నెలకి తీరుతుందో ముందే లెక్కగట్టి రాసుకోండి. ఆ నెల వచ్చాక ఇక్కడే ఉండాలా, మారాలా అని మళ్ళీ ఆలోచించండి. అప్పు లేదు, బండి మార్చాలనో ఫోన్ మార్చాలనో ఉంది అంటే, కింది పని చేయకుండా మాత్రం ఒప్పుకోకండి.

మూడేళ్ళ తర్వాతి మీ రెజ్యూమే ఇవాళే రాయండి. రెండు రాయాలి, ఇక్కడే ఉంటే ఒకటి, అక్కడికి వెళ్తే ఒకటి. "హార్డ్ వర్కింగ్", "టీమ్ ప్లేయర్" లాంటి మాటలు వద్దు, చేసిన పనులే రాయాలి. ఇక్కడి కాగితం మీద "ఒక ఇంటర్మీడియట్‌కి (మందు తయారీ మధ్యలో వచ్చే పదార్థం) కాలమ్ (గాజు గొట్టంలో పోసి శుద్ధి చేసే పద్ధతి) తీసేసి క్రిస్టలైజేషన్‌తో (స్ఫటికాలుగా మార్చి) ప్యూరిటీ తెచ్చాను, 10 గ్రాముల నుంచి 5 కిలోలకి స్కేల్ చేశాను, టెక్ ట్రాన్స్‌ఫర్‌కి (ల్యాబ్ పద్ధతిని ప్లాంట్‌కి అప్పగించడం) ప్లాంట్‌లో నిలబడ్డాను" అని రాయగలిగితే ఆ వాక్యం విలువ పెద్దది. రేపు ఏ ప్రాసెస్ ఆర్ అండ్ డి ఇంటర్వ్యూలోనైనా గంటసేపు దాని మీదే ప్రశ్నలు అడుగుతారు. అలా కాకుండా నాలుగేళ్ళుగా క్లయింట్ ఇచ్చిన రూట్‌నే (తయారీ దశల వరస) మక్కీకి మక్కీ చేస్తూ, టీఎల్‌సీ (రియాక్షన్ అయిందో లేదో చూసే చిన్న పరీక్ష) పెట్టి, కాలమ్ వేసి, నోట్‌బుక్ నింపుతున్నారా? అప్పుడు ఇక్కడ ఉన్నా దారి ముందుకు పోవడం లేదు.

ప్రొడక్షన్ కాగితం కూడా అంతే శ్రద్ధగా రాయండి. ప్లాంట్ పనిని చిన్నచూపు చూసే ఆర్ అండ్ డి వాళ్ళంటే నాకు గిట్టదు. ఫ్లాస్క్‌లో పది నిమిషాల్లో అయ్యే అడిషన్‌కి (ఒక రసాయనాన్ని మెల్లగా కలపడం) పెద్ద రియాక్టర్‌లో గంటలు ఎందుకు పడుతుందో, వేడి ఎలా తీయాలో ప్లాంట్‌లో ఉన్నవాళ్ళకి ఒంటికి పడుతుంది. ఆ చదువు మీకు ఇష్టమైతే జీతం పెరగడమే కాదు, దారి కూడా సరైనదే. ఏ, బీ, సీ షిఫ్టుల్లో బ్యాచ్ రికార్డులు నింపడంతోనే రోజు గడిచిపోతుందంటే మాత్రం, మూడేళ్ళ తర్వాత తిరిగి ల్యాబ్‌కి రావడం కష్టం. ఆర్ అండ్ డి మేనేజర్లు ఆ గ్యాప్ గురించి తప్పకుండా అడుగుతారు, నేనూ అడుగుతాను.

ఏది నిజమో హెచ్ఆర్ చెప్పరు. పొద్దున్నే మియాపూర్‌లోనో కూకట్‌పల్లిలోనో ఆ కంపెనీ బస్సు ఎక్కేవాళ్ళని పలకరించండి. ఈ పోస్టులో ఇంతకుముందు ఎవరున్నారు, ఎందుకు మానేశారు, మీకంటే ఐదేళ్ళ ముందు చేరినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు? ఇంటర్వ్యూలో "టెక్ ట్రాన్స్‌ఫర్ టీమ్‌లో నాకు పని ఉంటుందా?" అని నేరుగా అడగండి. రాత్రి షిఫ్టులో సేఫ్టీ వాళ్ళు ఉంటారా, కొత్తవాళ్ళకి ఎన్నాళ్ళు ట్రైనింగ్ ఇస్తారు అని కూడా అడగండి. 2025 జూన్‌లో పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో పోయిన ప్రాణాలు గుర్తుంటే ఈ ప్రశ్నకి మొహమాటపడరు. అడిగితే చిరాకుపడే కంపెనీకి నేనైతే మా పిల్లల్ని పంపను.

ఈలోగా మీ ప్రస్తుత బాస్‌తో కూడా ఒకసారి మాట్లాడండి. జీతం పెంచమని కాదు. వచ్చే ప్రాజెక్టులో స్కేల్-అప్ మీకు ఇస్తారా అని అడగండి, ఏ నెల నుంచో చెప్పమనండి. "చూద్దాంలే" అన్నారంటే మీ రెండు కాగితాల్లో మొదటిది కొంచెం కొట్టేసుకోవాలి.

వెళ్ళడానికే నిర్ణయించుకుంటే, జీతం బ్రేకప్‌తో ఆఫర్ లెటర్ చేతికి రాకుండా రాజీనామా పెట్టకండి. అందులో డిపార్ట్‌మెంట్ పేరు, బాండ్ (ఇన్నాళ్ళు మానకూడదనే ఒప్పందం) ఉందా, జాయినింగ్ బోనస్ ఎన్నాళ్ళలో మానేస్తే వెనక్కి ఇవ్వాలి, నోటీసు ఎన్ని రోజులు అనేవి చదవండి. ఇక్కడ ఐదేళ్ళు నిండటానికి కొద్ది నెలలే ఉంటే గ్రాట్యుటీ కోసం జాయినింగ్ తేదీ జరపమని అడగండి. పీఎఫ్ డబ్బు విత్‌డ్రా చేయకుండా ట్రాన్స్‌ఫర్ పెట్టండి, ఐదేళ్ళ సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడుతుంది.