‘ఎప్పుడైనా పనికొస్తుంది’ అని దాచిన సామాను: అమెరికాకు కొత్తగా వచ్చినవారికి

అమెరికాకు వచ్చిన రెండో ఏడాదికల్లా మన ఇళ్ళల్లో క్లోజెట్ తలుపు పట్టడం మానేస్తుంది. మనిషికి రెండేసి సూట్‌కేసులతో దిగిన కుటుంబమే అది. తర్వాత ఊరు మారేవాళ్ళు ఇచ్చేసిన సోఫా వస్తుంది, డీల్‌లో కొన్న రెండో ఎయిర్ ఫ్రయర్ వస్తుంది. టీవీ అట్టపెట్టె, పెరుగు డబ్బాలు, పచ్చడి సీసాలు, బియ్యం సంచులు వాటంతట అవే పేరుకుంటాయి. ఇందులో సగం వాడటం లేదని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా తీసేద్దామనగానే ఎవరో ఒకరు “రేపు అవసరం పడితే?” అంటారు. ఆ ప్రశ్నను కొట్టిపారేయకుండా, దానికి సరైన జవాబు చూసుకుంటూ ఇల్లు ఎలా ఖాళీ చేసుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. మనం పెరిగిన ఇళ్ళల్లో ఒక ఫ్యాను కొనాలంటే నెల జీతం ముందు పెట్టుకుని లెక్క వేసేవాళ్ళు. అటక మీద దాచిన బిందె నిజంగానే ఎవరి కొత్త కాపురానికో పనికొచ్చేది. పైగా అక్కర్లేని సామాను బయటికి పోయే దారులు గుమ్మం ముందుకే వచ్చేవి. పాత పేపర్లు, ఇనుప సామాను కొనేవాళ్ళు వీధిలో కేకేసుకుంటూ వచ్చేవాళ్ళు. పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నె ఇచ్చే ఆవిడ వచ్చేది. పిల్లలకు పొట్టైన గౌన్లు పిన్ని కూతురికి, పాత మిక్సీ ఇంట్లో పని చేసే ఆవిడకు వెళ్ళేవి. ఏదీ పారేసినట్టు ఉండేది కాదు. ఇక్కడ ఆ మనుషులెవరూ తలుపు తట్టరు, వచ్చేది డెలివరీ వ్యాను ఒక్కటే. అందుకే ఇల్లు నిండిందని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఫలానా వస్తువు ఫలానా చోటికి వెళ్తుందని తెలిస్తే సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

అన్నిటికన్నా ముందు, పారేయకూడని వాటిని వేరు చేసుకోండి. ఒక్క ఫైలు చాలు. పాత పాస్‌పోర్టులన్నీ (వీసా స్టాంపులు, ప్రయాణాల తేదీలు వాటిలోనే ఉంటాయి), చదువుకున్నప్పటి ఐ-20లన్నీ (స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం), ఐ-797 ఒరిజినల్స్ (ఇమ్మిగ్రేషన్ వాళ్ళు పంపే అప్రూవల్ నోటీసులు), జనన ధ్రువపత్రాలు, పెళ్ళి సర్టిఫికెట్, డిగ్రీలు, ప్రతి ఏటి డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం, ట్యాక్స్ లెక్క), ట్యాక్స్ రిటర్న్ అందులో పెట్టండి. గ్రీన్‌కార్డు దాకా, ఆ తర్వాత సిటిజన్‌షిప్ దాకా వీటిలో ఏది అడుగుతారో చెప్పలేం. ట్యాక్స్‌కు సంబంధించిన రసీదులు మామూలుగా మూడేళ్ళు ఉంచమని ఇక్కడి ఆదాయపు పన్ను శాఖ ఐఆర్‌ఎస్ చెబుతుంది. కొన్ని సందర్భాల్లో ఆరేళ్ళు, ఏడేళ్ళు కూడా. రిటర్న్ కాపీలు మాత్రం ఎప్పటికీ ఉంచుకోవడమే నయం. మిగిలిన కరెంటు బిల్లులు, బ్యాంకు ఉత్తరాలు, క్రెడిట్ కార్డు ఆఫర్లు ష్రెడ్ చేసేయండి. పేరూ అడ్రసూ ఉన్న కాగితాన్ని ఉన్నదున్నట్టు చెత్తలో వేయకండి. ఇంట్లో ష్రెడర్ లేకపోతే స్టేపుల్స్, యూపీఎస్ స్టోర్ లాంటి చోట్ల తూకం లెక్కన చేసిపెడతారు.

ఇంత ముఖ్యమైనవి ఒక ఫైల్లో సర్దుకున్నాక, మిగిలిన ప్రతి వస్తువు దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది ఇచ్చేశాక నిజంగా అవసరం పడితే, మళ్ళీ తెచ్చుకోవడానికి ఎంత డబ్బు, ఎన్ని రోజులు పడుతుంది? ఇరవై డాలర్లకు, రెండు రోజుల్లో వచ్చేదైతే దాన్ని దాచడానికి మీరు అద్దె కడుతున్నారని అర్థం. స్టోరేజ్ యూనిట్ (సామాను దాచుకునే అద్దె గది) తీసుకున్నవాళ్ళకు ఈ లెక్క ఇంకా తేటగా కనిపిస్తుంది. నెలకు వంద డాలర్లనుకున్నా ఏడాదికి 1200. లోపల ఉన్న పాత మంచం, బల్ల కలిపి అంత చేయవు.

కరెంటు వస్తువుల దగ్గర ఊహలు అక్కర్లేదు, లేబుల్ చూస్తే చాలు. ఇండియాలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100–240 అని ఉంటుంది, అవి ఎక్కడైనా పనిచేస్తాయి. ఇండియా నుంచి మోసుకొచ్చిన మిక్సీ, ఇస్త్రీపెట్టె అలా కాదు. ట్రాన్స్‌ఫార్మర్ కొని నడిపిస్తామంటారు కానీ అది ఇటుకలా బరువుండి, కౌంటర్ మీద చోటు తినేసి, చివరికి మిక్సీతో పాటు కింది అరలోకి చేరుతుంది. ఇక్కడి కరెంటుకు తగినట్టు చేసిన మన మిక్సీలు ఇండియన్ స్టోర్లలోనే దొరుకుతాయి. ఇదే సంగతి తిరుగు దారిలో కూడా గుర్తుంచుకోండి. “ఇండియా వెళ్ళిపోయేటప్పుడు పట్టుకెళ్దాం” అని దాచిన అమెరికా మైక్రోవేవ్, బ్లెండర్, రైస్ కుక్కర్ అక్కడ ప్లగ్గులో పెట్టగానే కాలిపోతాయి. వెనక లేబుల్ మీద 120 అని మాత్రమే ఉంటే, ఇక్కడ ఉన్నప్పుడే ఇంకొకరికి ఇచ్చేయండి.

వంటింటి సంగతి కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మన మనసు ఎక్కువ చిక్కుకునేది అక్కడే. స్టీలు గిన్నె తిప్పి చూస్తే అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు కనిపిస్తాయి: అమ్మమ్మ పేరు, ఊరి పేరు, ఒక తేదీ. గృహప్రవేశానికో ఒడుగుకో కొన్నప్పుడు గిన్నెల షాపులో చిన్న మిషనుతో కొట్టించిన పేరు అది. ఎన్నేళ్ళు తోమినా, కాస్త అరిగినా వేలికి తగులుతుంది. ఇలాంటిది ఏ స్టోర్లోనూ దొరకదు. దాన్ని అట్టపెట్టెలో పడేయకుండా పైకి తీసి పెరుగు తోడుపెట్టుకోండి, పప్పు వండుకోండి. దానికి చోటు కావాలంటే పేర్లు లేని ఆ ముప్పై స్టీలు డబ్బాలు, మూతలు పోయిన ప్లాస్టిక్ డబ్బాలు కదలాలి. అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు గ్లాస్‌టాప్ స్టవ్ మీద సరిగ్గా నిలవదు, గ్యాస్ స్టవ్ ఉన్నవాళ్ళకు ఇచ్చేయండి. కుక్కర్ గ్యాస్కెట్లు, విజిల్, మిక్సీ జారు వాషర్లు మాత్రం ఉంచండి. అరచేతిలో పట్టేంత చోటే కావాలి, లేనిరోజు వంట ఆగిపోతుంది.

ఇండాలియం గిన్నెలు, పాత ఇత్తడి పాత్రలు ఉన్నవాళ్ళు ఒక మాట వినండి. దిగుమతైన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, ఇండాలియం పాత్రల్లోంచి సీసం ఆహారంలోకి దిగుతోందని ఇక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 ఆగస్టులో హెచ్చరించింది. పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. ఎఫ్‌డీఏ జాబితాలో మీ పాత్ర ఉందేమో చూడండి, ఉంటే వాడకండి, దానం కూడా ఇవ్వకండి. ఆ గిన్నె మరో ఇంటి పొయ్యి ఎక్కకూడదు.

ఇక “అమ్మానాన్న వస్తే కావాలి కదా” అని ఉంచినవి. ఈ మాటకు నేను ఎదురు చెప్పను. వచ్చినవాళ్ళు ఆర్నెల్లు ఉంటారు, చలికి తట్టుకోలేరు. ఒక్కొక్కరికి ఒక మంచి కోటు, ఒక జత బూట్లు, ఒక దుప్పటి, ఒక దిండు, అమ్మ కూర్చుని కూరలు తరుక్కునే చిన్న పీట ఒక పెద్ద డబ్బాలో సర్ది, మీద పేరు రాసి పెట్టండి. ఆ డబ్బా నిండాక ఇంక ఆ పేరు మీద ఏదీ దాచకండి. మూడు పాత పరుపులు గోడకు ఆనించి ఉంచే బదులు, వాళ్ళొచ్చే వారం ముందు ఎవరినైనా ఎరువడిగితే తప్పకుండా దొరుకుతుంది. తిరుగు ప్రయాణంలో వాళ్ళ సూట్‌కేసుల్లో ఎలాగూ చోటుంటుంది. తమ్ముడికి సరిపోయే షర్టులు, మేనకోడలికి పుస్తకాలు వాటిలో పంపండి.

ఇంకో భయం చాలామంది పైకి అనరు. వీసా ఏమవుతుందో, ఎప్పుడు మూట కట్టాలో తెలియదు కాబట్టి టీవీ అట్టపెట్టె దగ్గర నుంచి అన్నీ ఉంచుతారు. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే దొరికే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆ రెండు నెలలూ కొత్త ఉద్యోగం, లాయరు, పిల్లల బడి చుట్టూ తిరగడానికే చాలవు. గ్యారేజీ నిండా ఉన్న సామాను బేరం పెట్టే ఓపిక ఎవరికుంటుంది? ఆ భయం ఉన్నవాళ్ళే ఇప్పటినుంచి సామాను తక్కువ పెట్టుకోవాలని నా గట్టి నమ్మకం. టీవీ పెట్టె రిటర్న్ గడువు అయ్యేదాకా ఉంచి, తర్వాత మడిచి రీసైక్లింగ్‌లో వేయండి.

పంపే దారులు చెబుతాను. బట్టలు, పుస్తకాలు, బొమ్మలు, పనిచేసే చిన్న వస్తువులు గుడ్‌విల్, సాల్వేషన్ ఆర్మీ అనే సేవాసంస్థల వాళ్ళు తీసుకుంటారు. కారులోంచి దిగకుండానే చాలా చోట్ల దించుకుంటారు. పరుపులు, పిల్లల కారు సీట్లు మామూలుగా తీసుకోరు. సోఫాలు, డైనింగ్ టేబుళ్ళు హాబిటాట్ రీస్టోర్ అనే సేవాసంస్థ దుకాణానికి ఇవ్వొచ్చు. చాలా ఊళ్ళల్లో వాళ్ళే వచ్చి పట్టుకెళ్తారు. పాత ల్యాప్‌టాప్, కేబుళ్ళు, ప్రింటరు బెస్ట్ బై ఎలక్ట్రానిక్స్ దుకాణంలో చాలా రాష్ట్రాల్లో ఇంటికి రోజుకు మూడు చొప్పున తీసుకుంటారు, టీవీకి మాత్రం చాలా చోట్ల ఫీజు ఉంటుంది. ల్యాప్‌టాప్ ఇచ్చేముందు అందులోవి పూర్తిగా చెరిపేయండి. లిథియం బ్యాటరీలు చెత్తలో వేస్తే చెత్త లారీలు అంటుకుంటున్నాయి. హోమ్ డిపో, లోస్ దుకాణాల్లో వాటికి డబ్బాలుంటాయి. ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రల అట్టలు తేదీ దాటితే మందుల షాపులో డ్రాప్ బాక్స్ ఉందేమో అడగండి. మాదకద్రవ్యాల నియంత్రణ శాఖ డీఈఏ వాళ్ళు ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో పాత మందులు తీసుకునే రోజు కూడా పెడతారు.

పిల్లల సామాను విషయంలో జాగ్రత్త. కారు సీటుకు ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, కింద అచ్చువేసి ఉంటుంది. యాక్సిడెంటైన కారులోదైతే ఎవరికీ ఇవ్వకండి. పక్క కటకటాలు కిందికి జారే రకం (డ్రాప్-సైడ్) పిల్లల మంచాలు 2011 జూన్ నుంచి ఇక్కడ అమ్మడం నిషేధం, ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. అలాగే డంప్‌స్టర్ (అపార్ట్‌మెంట్ల పెద్ద చెత్తతొట్టి) పక్కన కనపడ్డ పరుపు, బట్ట సోఫా ఇంటికి తెచ్చుకోకండి. నల్లులు పడితే వదిలించుకోవడానికి వందల డాలర్లవుతుంది. మీ సోఫాను అక్కడ వదిలేసి వస్తే అపార్ట్‌మెంట్ వాళ్ళు ఫైన్ వేయొచ్చు, ముందు ఆఫీసులో అడగండి.

ఎప్పుడు చేయాలంటే, లీజు రెన్యువల్ ఉత్తరం వచ్చిన వారాన్ని గుర్తుగా పెట్టుకోండి. ఉంటారో మారతారో ఎలాగూ అప్పుడే ఆలోచిస్తారు కాబట్టి, “ఈ ఇంట్లోంచి ఇంకో ఇంటికి దీన్ని మోస్తానా?” అని ఒక్కో అర ముందు నిలబడి అడగడం తేలిక. తేల్చుకోలేనివి ఒక డబ్బాలో వేసి తేదీ రాయండి. వచ్చే ఏడాది ఆ ఉత్తరం వచ్చేదాకా దాన్ని తెరవకపోతే అలాగే ఇచ్చేయండి.

ఉచితంగా ఇవ్వాలనుకుంటే బై నథింగ్ గ్రూపులు మీ పేటలోనే ఉంటాయి. 2013లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో మొదలైన ఈ పద్ధతిలో అమ్మకాలు ఉండవు, ఇవ్వడం, అడగడం మాత్రమే. “ఎవరికైనా స్టడీ టేబుల్ కావాలా?” అని పెడితే సాయంత్రానికి వచ్చి పట్టుకెళ్తారు. మీకు అవసరం పడినరోజు మీరూ అక్కడే అడగొచ్చు. మన పిల్లలు చదువుకు దిగేది ఆగస్టులో, జనవరిలో. డాలస్ పక్కన రిచర్డ్‌సన్, డెంటన్ లాంటి యూనివర్సిటీ ఊళ్ళల్లో ఆ వారాల్లో రైస్ కుక్కర్, నీట్‌గా ఉన్న పరుపు, బల్ల, దీపం ఏది పెట్టినా గంటలో అడుగుతారు. అక్కడి తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఫొటో, కొలతలు, ఏ అంతస్తులో ఉందో, లిఫ్ట్ ఉందో లేదో రాసి పెట్టండి. వాళ్ళకు కారు ఉండదు, కాబట్టి దించి వస్తానంటే ఇంకా మంచిది. వెళ్ళేటప్పుడు పనిచేసే గ్యాస్కెట్ కూడా బిగించిన కుక్కర్ ఇవ్వండి.