స్ఫాలరైట్‌తో ప్రాక్టికల్స్: సుత్తి, యాసిడ్ పట్టుకునే ముందు

జియాలజీ ప్రాక్టికల్స్ దగ్గరపడితే విద్యార్థుల టెన్షన్ అంతా ఖనిజాన్ని గుర్తుపట్టడం మీదే ఉంటుంది. స్ఫాలరైట్ విషయంలో పరీక్ష చేసే పద్ధతి మీద అంతకన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఇది జింక్ సల్ఫైడ్. వరికి వేసే జింక్ సల్ఫేట్ వేరు, ఇది వేరు. నీళ్లలో కరగదు, ఊరికే చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు. పగలగొట్టినప్పుడు, యాసిడ్ వేసినప్పుడు, కాల్చినప్పుడే తంటా.

ముందు సుత్తి సంగతి. ఇందులో ఒక్కో జింక్ పరమాణువు చుట్టూ నాలుగు గంధకం పరమాణువులు, ఒక్కో గంధకం చుట్టూ నాలుగు జింక్ పరమాణువులు ఉంటాయి. వజ్రంలో కార్బన్ అమరికా ఇలాంటిదే. అలాగని వజ్రమంత గట్టిదేం కాదు, ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ స్కేలు మీద 3.5 నుంచి 4 మాత్రమే. పైగా ఆరు దిశల్లో నున్నగా చీలుతుంది. ఆ తలాల్లో జింక్, గంధకం సరిసమానంగా ఉండటంతో తలానికీ తలానికీ మధ్య పట్టు తక్కువ. కాబట్టి చిన్న దెబ్బకే వాడి అంచుల పలుకులు ఎగురుతాయి. కళ్లకు గాగుల్స్ లేకుండా కొట్టకండి.

పొడి చేసేటప్పుడు కాస్త తడిపి నూరండి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సన్నటి ధూళి ఆగదు, ఎన్95 మాస్క్ కావాలి. భయం జింక్ గురించి కాదు. స్ఫాలరైట్‌లో కాడ్మియం కలిసి ఉంటుంది, పక్కనే సీసపు ఖనిజం గెలీనా తరచుగా కనిపిస్తుంది. చేతులు కడుక్కోకుండా సమోసా ముట్టుకోవద్దు.

అసలు ప్రమాదం యాసిడ్ పరీక్షలో ఉంది. పొడి మీద హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్, విషవాయువు. సున్నపురాయిలోని ఖనిజం కాల్సైట్ మీద బుసబుస పొంగు చూసి అలవాటైన వాళ్లు ఇక్కడా ముఖం దగ్గరగా పెడతారు. రాయి మీద పెద్దగా ఏమీ జరగకపోతే ఇంకాస్త యాసిడ్ పోస్తారు, లేదా వేడిచేస్తారు. రెండూ తప్పే. గోరంత పొడి, ఒక్క చుక్క పలుచని యాసిడ్ చాలు. వాసనను చేత్తో ముక్కువైపు విసురుకోవాలి. రాజస్థాన్ జావర్ గనుల రాయైతే ఇంకో చిక్కు: అక్కడి ఖనిజం డోలమైట్ అనే కార్బొనేట్ రాయిలో ఉంటుంది, దాని పొడి కూడా పొంగుతుంది. పొంగు చూసి నిర్ణయానికి రాకండి.

వాసన ఆగిపోయిందంటే గ్యాస్ పోయిందని అనుకోకండి. గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్ల దగ్గర ఈ వాయువు ముక్కునే మొద్దుబారుస్తుంది. అప్పటికే అది ప్రాణాపాయ స్థాయి. గాలికన్నా బరువైనది కాబట్టి మూసిన గదిలో నేలబారున పేరుకుంటుంది. ఫ్యూమ్ హుడ్ (వాయువుల్ని బయటికి లాగేసే ల్యాబ్ అర) లేకపోతే ఆరుబయట చేయండి. తలనొప్పి, కళ్లమంట మొదలైతే పరీక్ష వదిలేసి బయటికి వచ్చేయండి. ఎవరైనా పడిపోతే ఆ గదిలోకి మీరూ పరుగెత్తొద్దు, అంబులెన్స్‌కు ఫోన్ చేయండి.

బొగ్గు దిమ్మె మీద ఊదుగొట్టంతో కాల్చే పరీక్ష ఉంటే అదీ హుడ్‌లోనే. సల్ఫర్ డయాక్సైడ్ ఘాటు గొంతు పట్టేస్తుంది. వేడిగా ఉన్నప్పుడు పసుపు, చల్లారాక తెలుపు పూత కనిపిస్తే అది జింక్ ఆక్సైడ్. ఎర్రటి గోధుమ ఛాయ తోడైతే కాడ్మియం, ఇక కాల్చడం ఆపేయండి. సుమారు 1020 డిగ్రీలు దాటితే స్ఫాలరైట్ షడ్భుజ స్ఫటికాల వర్ట్‌జైట్‌గా మారుతుంది. దాని విషయంలోనూ ఇవే జాగ్రత్తలు.

నమూనాను అల్ట్రాసానిక్ యంత్రంలో వేయకండి, పగులుతుంది. వానాకాలంలో పైరైట్, మార్కసైట్ అనే ఇనుప సల్ఫైడ్ ఖనిజాలు ఉన్న ముక్కల్ని వేరే పెట్టెలో సిలికా జెల్‌తో పెట్టండి. తేమకు వాటి నుంచి ఆమ్లం ఊరి లేబుళ్లను తినేస్తుంది.

జింక్ సల్ఫైడ్‌కు రేడియోధార్మిక మూలకం రేడియం కలిపి వెలిగించిన పాత గడియారం ఇంట్లో ఉంటే డయల్ విప్పొద్దు. వెలుగు ఎప్పుడో పోయి ఉండొచ్చు గానీ, రేడియం సగం తరగడానికే సుమారు 1600 ఏళ్లు పడుతుంది.