బార్ బయట పోలీసు నిఘా: అమెరికాలో అది చట్టబద్ధమేనా, కారు ఆపినప్పుడు ఏమేం గమనించాలి

అమెరికాలో ఒక బార్ ఎదుట పోలీసు అధికారి కారు ఆపుకొని కూర్చుని, లోపలి నుంచి ఎవరు ఎలా నడిచి వస్తున్నారో, వారిలో ఎవరు స్టీరింగ్ ముందు కూర్చుంటున్నారో గమనించడం చట్టబద్ధమే. అందుకు వారెంటు అక్కర్లేదు, ఫలానా వ్యక్తి మీద ముందుగా అనుమానం ఉండాల్సిన అవసరమూ లేదు. అయితే చూడటానికి ఉన్నంత స్వేచ్ఛ ఆపడానికి లేదు. తాగి వాహనం నడిపిన కేసు కోర్టుకు వెళ్లినప్పుడు, కారు ఆపమని చెప్పే ఎర్ర, నీలం దీపాలు పోలీసు కారు మీద వెలిగే సమయానికి అధికారి దగ్గర ఉన్న ఆధారం ఏమిటన్నదే అసలు ప్రశ్న అవుతుంది. ఆ ప్రశ్నను ఎలా పరిశీలించాలో, కారు ఆపినప్పుడు, ఆ తర్వాత ఏం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను. చాలా విషయాల్లో రాష్ట్రానికో నియమం ఉంది కాబట్టి, కేసు ఎదురైనవారు తమ రాష్ట్రంలో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదిని సంప్రదించడం తప్పనిసరి.

నిఘా ఎందుకు తప్పు కాదో ముందుగా తెలుసుకోవాలి. అకారణమైన సోదాల నుంచి, నిర్బంధాల నుంచి పౌరులను కాపాడేది అమెరికా రాజ్యాంగపు నాలుగో సవరణ. మనిషి తెలిసి తెలిసి నలుగురి కంట పడేలా చేసిన పనికి ఆ రక్షణ వర్తించదని సుప్రీంకోర్టు 1967లో కాట్జ్ కేసులో చెప్పింది. బహిరంగ రహదారుల మీద ప్రయాణించే వ్యక్తి తన రాకపోకలు గోప్యంగా ఉంటాయని ఆశించలేడని 1983లో నాట్స్ కేసులో స్పష్టం చేసింది. బార్ పార్కింగ్ స్థలం ప్రైవేటు ఆస్తే అయినా, వచ్చే ప్రతి కస్టమరుకూ తెరిచి ఉన్న చోటు కనుక, అక్కడ అధికారి నిలబడి చూడటం సోదా కిందికి రాదు. మామూలు దుస్తుల్లో లోపలికి వెళ్లి కూర్చున్నా పరిస్థితి మారదు. ప్రజలందరికీ తెరిచి ఉంచిన దుకాణంలోకి పోలీసు అడుగుపెట్టడం సోదా కాదని 1985లో మేరీలాండ్ వర్సెస్ మేకన్ కేసులో తీర్పు వచ్చింది. ఇది వల పన్ని ఇరికించడం కాదా అని చాలామంది అడుగుతారు. చట్టం దృష్టిలో ఇరికించడమంటే, ఆ నేరం చేసే ఉద్దేశం లేని మనిషిని ప్రభుత్వమే ప్రేరేపించి నేరంలోకి దించడం. దూరం నుంచి చూస్తూ ఊరుకోవడం ఎంతమాత్రమూ ప్రేరేపణ కాదు.

చట్టం అనుమతించినా జనం సహించని సందర్భాలు కూడా ఉన్నాయి. టెక్సస్ మద్యపాన నియంత్రణ సంస్థ 2006లో మారువేషంలో ఏజెంట్లను బార్లలోకి పంపి, అక్కడ కూర్చుని తాగుతున్నవారిని బహిరంగ స్థలంలో మత్తులో ఉన్నారన్న నేరం కింద అరెస్టు చేయించింది. ఇర్వింగ్ నగరంలో జరిగిన ఆ దాడుల మీద దేశమంతటా నిరసన రావడంతో కార్యక్రమాన్ని నిలిపివేశారు. ఇంకా కారు తాళం కూడా ముట్టని మనిషిని, తాగి నడపవచ్చునన్న ఊహతో పట్టుకోవడం నా దృష్టిలో అన్యాయమే. కానీ దాన్ని ఆపింది చట్టం కాదు, ప్రజల ఆగ్రహం.

ఇక కారును ఆపడం సంగతి. ఒక మనిషిని కొద్దిసేపైనా నిలిపి ఉంచాలంటే అధికారి దగ్గర వివరించి చెప్పగల నిర్దిష్టమైన సంగతులు ఉండాలని 1968లో టెర్రీ కేసు నిర్ణయించింది. దీన్నే సహేతుకమైన అనుమానం అంటారు. ఏ అనుమానమూ లేకుండా, లైసెన్సు చూద్దామని ఏదో ఒక కారును ఆపడం చెల్లదని 1979లో డెలావేర్ వర్సెస్ ప్రౌజ్ కేసులో తీర్పు వచ్చింది. ఈ రెండింటినీ కలిపి చూస్తే, ఒక వ్యక్తి బార్ నుంచి బయటికి రావడం అన్న ఒక్క సంగతి అతని కారును ఆపడానికి చాలదని అర్థమవుతుంది. బార్‌కు భోజనానికి వచ్చినవారు ఉంటారు, స్నేహితులను ఇంటికి చేర్చడానికి వచ్చి చుక్క ముట్టనివారూ ఉంటారు.

ఇద్దరిని ఊహించుకోండి. అర్ధరాత్రి దాటాక ఒకరు తలుపు తీసుకుని వచ్చి, తిన్నగా కారు దగ్గరికి నడిచి, హెడ్‌లైట్లు వేసుకుని, ఇండికేటర్ ఇచ్చి రోడ్డెక్కారు. రెండోవారు గోడకు చెయ్యి ఆనించుకుంటూ వచ్చి, తాళాలు రెండుసార్లు కింద పడేసుకుని, వేరొకరి కారు తలుపు లాగి చూసి, చివరికి తమ కారెక్కి వెనక్కి తీస్తూ కాలిబాట అంచుకు చక్రం గుద్దించారు. మొదటివారిని ఆపితే ఆ ఆపడం కోర్టులో నిలవడం కష్టం. రెండోవారి విషయంలో అధికారి రిపోర్టులో రాసే ప్రతి వాక్యమూ ఆధారమే. విడివిడిగా చూస్తే చిన్నవిగా కనిపించే సంగతులను కోర్టు కలిపి తూచుతుంది. ఆ తూకంలో బార్ నుంచి రావడం, వేళకాని వేళ కావడం కూడా చేరతాయి.

అయితే ఆచరణలో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది మరొకటి. అధికారి బార్ నుంచి బయలుదేరిన కారు వెనకే కొంత దూరం వెళతాడు. ఇండికేటర్ వేయకపోవడమో, గీత తొక్కడమో, నంబరు ప్లేటు మీద లైటు వెలగకపోవడమో కనిపించగానే ఆపుతాడు. అసలు ఉద్దేశం తాగారా లేదా చూడటమే కదా, ట్రాఫిక్ తప్పు ఒక సాకే కదా అని వాదించవచ్చు గానీ, 1996లో వ్రెన్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను ఏకగ్రీవంగా తోసిపుచ్చింది. ట్రాఫిక్ ఉల్లంఘన నిజంగా జరిగి ఉంటే అధికారి మనసులో ఏముందన్నది అప్రస్తుతమని చెప్పింది. జాతిని, రంగును బట్టి ఆపితే మాత్రం రాజ్యాంగంలోని సమాన రక్షణ నిబంధన కింద సవాలు చేయవచ్చని అదే తీర్పులో ఉంది. 2014లో హీన్ కేసు ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఒక బ్రేక్ లైటు వెలగడం లేదని నార్త్ కరొలైనాలో ఒక కారును ఆపారు. నిజానికి అక్కడి చట్టం ప్రకారం ఒక్క బ్రేక్ లైటు పనిచేస్తే సరిపోతుంది. అయినా చట్టాన్ని అధికారి పొరపాటుగా అర్థం చేసుకోవడం సహేతుకమే కనుక ఆపడం చెల్లుతుందన్నారు. పౌరుడికి చట్టం తెలియకపోవడం సాకు కాని దేశంలో పోలీసుకు ఆ వెసులుబాటు ఇవ్వడం నాకు మింగుడుపడదు, కానీ తీర్పు తీర్పే.

అధికారి తన కంటితో ఏమీ చూడకపోయినా ఆపగల సందర్భాలు రెండున్నాయి. ఒకటి, ఫోను ద్వారా వచ్చిన సమాచారం. తన కారును రోడ్డు మీద నుంచి నెట్టేసిన వాహనం గురించి పేరు చెప్పని వ్యక్తి అత్యవసర నంబరు 911కు చేసిన ఫోను, తాగి నడుపుతున్నారన్న అనుమానానికి చాలునని 2014లో నవరెట్ కేసులో తేల్చారు. రెండోది, వచ్చే వాహనాలన్నిటినీ ఒక పద్ధతి ప్రకారం ఆపే తనిఖీ కేంద్రం. 1990లో మిచిగన్ వర్సెస్ సిట్జ్ కేసులో దీన్ని సమర్థించారు. ఆ తర్వాత మిచిగన్ సుప్రీంకోర్టు తన రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం వాటిని కాదన్నది. టెక్సస్ వంటి మరికొన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి కేంద్రాలు నడపరు.

ఆపినప్పుడు చేయవలసిన మొదటి పని, సురక్షితమైన చోట వెంటనే కారు పక్కకు తీసి, చేతులు కనిపించేలా స్టీరింగ్ మీద ఉంచడం. లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు పత్రాలు అడిగితే చూపాలి. కారు దిగమంటే దిగాలి. అలా ఆదేశించే అధికారం 1977 నుంచి సుప్రీంకోర్టు తీర్పు ద్వారా పోలీసులకు ఉంది. ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎంత తాగారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పి తీరాలన్న నియమం లేదు. మౌనంగా ఉండే హక్కు గురించి రోడ్డు పక్కన అధికారి ముందుగా హెచ్చరించాల్సిన అవసరం లేదని 1984లో తేల్చారు కనుక, అక్కడ నోరు జారిన మాట కూడా సాక్ష్యమవుతుంది. అబద్ధం చెప్పకండి. జవాబు ఇవ్వదలచుకోలేదని మర్యాదగా చెబితే చాలు.

రోడ్డు పక్కన చేయించే పరీక్షలు మూడు. కళ్ల ముందు కదిలే పెన్నును చూపుతో అనుసరించడం, ఒక పాదం మడమకు మరో పాదం వేళ్లు ఆనిస్తూ తొమ్మిది అడుగులు నడిచి తిరిగి రావడం, ఒంటికాలి మీద నిలబడటం. వీటిని నిరాకరించినందుకు చాలా రాష్ట్రాల్లో శిక్ష లేదు. అరెస్టు తర్వాత చేసే శ్వాస పరీక్ష సంగతి వేరు. రోడ్డు మీద వాహనం నడపడంతోనే ఆ పరీక్షకు ఒప్పుకున్నట్టు లెక్క కనుక, కాదంటే దాదాపు అన్ని రాష్ట్రాల్లో లైసెన్సు సస్పెండ్ అవుతుంది. 2016లో బర్చ్‌ఫీల్డ్ తీర్పు ప్రకారం అరెస్టయిన వ్యక్తికి శ్వాస పరీక్ష వారెంటు లేకుండా చేయవచ్చు, రక్త పరీక్షకు మాత్రం సాధారణంగా వారెంటో, సమ్మతో కావాలి. రక్తంలో మద్యం పరిమితి యూటాలో 0.05 శాతం, మిగతా అన్ని రాష్ట్రాల్లో 0.08. అంతకన్నా తక్కువ వచ్చినా నడక, మాట తడబడితే కేసు పెట్టవచ్చు.

ఇక్కడే చాలామంది ఇరుక్కునే సంగతి ఒకటుంది. తాగాక కారు నడపకుండా, అందులోనే కాసేపు నిద్రపోదామనుకోవడం మంచి ఆలోచనలా కనిపిస్తుంది. కానీ అనేక రాష్ట్రాల్లో తాళాలు చేతికి అందేలా పెట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చోవడం కూడా, వాహనం మీద వాస్తవ నియంత్రణ ఉన్నట్టే లెక్క, ఇంజను ఆపి ఉన్నా సరే. కారును అక్కడే వదిలి టాక్సీలో ఇంటికి వెళ్లండి. మర్నాడు కారు తెచ్చుకోవడానికి పట్టే గంట గురించి ఆలోచించకండి. ఆ రాత్రి ఎదురుగా వచ్చే కారులో ఎవరింటి పిల్లలు ఉన్నారో మీకు తెలియదు.

ఆపడం అన్యాయమని అనిపిస్తే రోడ్డు మీద వాదించడం వల్ల ప్రయోజనం లేదు. ఇంటికి చేరగానే, ఎన్ని గంటలకు బయలుదేరారు, పోలీసు కారు ఎక్కడి నుంచి వెంబడించింది, ఎక్కడ దీపాలు వెలిగాయి, ఏ కారణం చెప్పారు అన్నవి జ్ఞాపకం ఉన్నంతవరకు రాసిపెట్టండి. పోలీసు కారులోని కెమెరా, అధికారి ఒంటి మీది కెమెరా దృశ్యాల కోసం న్యాయవాది ద్వారా త్వరగా కోరండి. గీత తొక్కారని రిపోర్టులో ఉండి, వీడియోలో తొక్కకపోతే, ఆ ఆపడం ద్వారా దొరికిన సాక్ష్యమంతా కొట్టివేయమని కోర్టును అడగవచ్చు. లైసెన్సు సస్పెన్షన్ మీద విచారణ కోరే గడువు మాత్రం చాలా తక్కువ: కాలిఫోర్నియాలో 10 రోజులు, టెక్సస్‌లో నోటీసు అందిన నాటి నుంచి 15 రోజులు. క్రిమినల్ కేసు వాయిదా ఇంకా దూరంగా ఉందని ఊరుకుంటే ఈ గడువు దాటిపోతుంది.

వీసా మీద ఉన్నవారు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. శిక్ష పడకపోయినా, తాగి నడిపిన అరెస్టు ఒక్కదాన్ని ఆధారం చేసుకుని విదేశాంగ శాఖ వీసా స్టాంపును రద్దు చేయవచ్చు. దానివల్ల దేశంలో ఉండే హోదా వెంటనే పోదు గానీ, ఒకసారి బయటికి వెళ్తే కొత్త వీసా వచ్చేదాకా తిరిగి రావడం కుదరదు. కాబట్టి నేరం ఒప్పుకోవడం గురించి మాట్లాడే ముందే ఇమిగ్రేషన్ న్యాయవాదిని కూడా కలవండి, ఆయన చెప్పేదాకా విదేశీ ప్రయాణాలకు టికెట్లు కొనకండి.